పగడాల అక్వేరియం ముందు కేనన్ 100 ఎంఎం మాక్రో

కేనన్ ఈఎఫ్ 100 ఎంఎం ఎఫ్/2.8 ఎల్ మాక్రో (చిన్న వస్తువులను బాగా దగ్గరగా తీసే లెన్సు) 2009లో వచ్చినప్పుడు అందరూ పొగిడింది దానిలో చేతి వణుకును సరిదిద్దే హైబ్రిడ్ స్టెబిలైజర్‌ని. చెన్నైలో కొన్నేళ్లుగా ఈ లెన్సు వాడుతున్నాను. ఎక్కువ ఫొటోలు అన్నానగర్‌లో మా బావమరిది ఉప్పునీటి అక్వేరియం ముందు తీసినవే. అక్కడ మాత్రం ఆ స్టెబిలైజర్ వల్ల ఒరిగేది తక్కువ.

వణికేది మన చెయ్యి ఒక్కటే అయితే అది ఆదుకుంటుంది. నీటిని కదిలించే వేవ్‌మేకర్ పంపు తిరుగుతున్నంతసేపూ జోవాంథిడ్లు (పగడాలకు దగ్గరి మెత్తని జీవులు) ఊగుతూనే ఉంటాయి, దానికి స్టెబిలైజర్ ఏం చేస్తుంది? పైగా మామూలు దూరంలో నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకు షట్టర్ సమయం రెట్టింపు చేసుకోవచ్చు) సాయం చేసేది, వస్తువును అసలు పరిమాణంలో, అంటే సెన్సర్ మీద దాని నిజమైన సైజులోనే పడేలా తీసేటప్పుడు రెండు స్టాపులకే పరిమితమని కేనన్ లెక్కే చెబుతుంది. అందుకే పంపులన్నీ ఆపించి తీస్తాను. ‘బావగారూ, ఇంకెంతసేపు?’ అంటూ అతను స్విచ్ దగ్గరే నిలబడి ఉంటాడు.

నన్ను కట్టిపడేసింది వేరే గుణం. ఫోకస్ మార్చినా ఈ లెన్సు పొడవు మారదు. కాబట్టి నేరుగా అక్వేరియం అద్దానికి ఆనించి తీయవచ్చు. గదిలోని వెలుతురు ప్రతిబింబాల బెడద ఉండదు. అసలు పరిమాణంలో తీయాలంటే వస్తువు లెన్సు అంచుకు దాదాపు 14 సెం.మీ. దూరంలో ఉండాలి. నీటిలో ఉన్నది నిజమైన లోతులో నాలుగింట మూడు వంతుల దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది కదా, ఆ లెక్కన అద్దం వెనక సుమారు 18 సెం.మీ. లోపలున్న పగడం కూడా అందుతుంది. బండరాళ్లు సాధారణంగా ఉండేది అక్కడే. 60 ఎంఎం మాక్రోతో అంత లోపలికి వెళ్లలేం. అయితే లెన్సు అద్దానికి సూటిగా ఉండాలి. కాస్త పక్కకు వాలినా అంచుల్లో రంగులు చీలి బొమ్మ మసకబారుతుంది. ఎంత ఖరీదైన లెన్సూ దీన్ని సరిచేయలేదు.

ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో అసలు పరిమాణంలో తీస్తే, లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11కు కుదించినా స్పష్టంగా వచ్చే మందం 1.3 మి.మీ. మాత్రమే. ఎఫ్/16 దాటి ఇంకా కుదిస్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుతురు చెదరడం) వల్ల పదును పోతుంది. అక్వేరియం నీలి ఎల్ఈడీల కింద, రంగులను తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ చేతులెత్తేస్తుంది. రా (రంగులు తర్వాత సరిదిద్దుకోగల ఫైలు) పద్ధతిలో తీయడం, వీలైతే తెల్ల దీపాలు పెంచమనడం తప్ప దారి లేదు.

బయటికి వెళ్తే కథ మారుతుంది. పళ్లికరణై చిత్తడి నేల గట్టున గడ్డిపోచ మీద వాలిన తూనీగను సగం పరిమాణంలో, ట్రైపాడ్ లేకుండా తీసేటప్పుడు స్టెబిలైజర్ విలువ తెలుస్తుంది. బీసెంట్ నగర్ బీచ్ ఇసుకలో పరుగెత్తే పీతలకైతే ఫోకస్ పరిధి మీటను అర మీటరు నుంచి అనంతం వైపు పెట్టండి. ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తడుముకోవడం తగ్గుతుంది. ఏసీ గది నుంచి నేరుగా బయటికి తెస్తే మాత్రం చెన్నై తేమకు గాజంతా ఆవిరి పట్టేస్తుంది. బ్యాగు మూసే ఉంచి కొంతసేపు ఆగాలి. వానాకాలంలో తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్ లేకపోతే ఫంగస్ భయం తప్పదు.

అక్వేరియం ఫొటోల కోసమే కొనేవారికి స్టెబిలైజర్ లేని 2000 నాటి కేనన్ 100 ఎంఎం యూఎస్ఎం మాక్రో పాతది దొరికినా చాలు, అదీ అసలు పరిమాణం ఇస్తుంది. మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవారు 2021లో వచ్చిన కేనన్ ఆర్ఎఫ్ 100 మాక్రోను కూడా చూడండి, అది అసలు పరిమాణానికి 1.4 రెట్ల వరకు వెళ్తుంది. నాకు ఆ అదనపు 0.4 కోసం అంత డబ్బు పెట్టాలనిపించలేదు.