గ్రీకులో క్రియ నుంచి నామం: ముందు పట్టాల్సింది -సిస్‌నా, -మ నా?

ప్రాచీన గ్రీకులో ఒక్క క్రియ వస్తే చాలు, దాని వెంట మూడు నామాలు దాదాపు ఉచితంగా వస్తాయి. 'పొయెఓ' అంటే చేస్తాను, తయారుచేస్తాను. దానికి -సిస్ చేరితే 'పొయేసిస్', అంటే చేయడం. -మ చేరితే 'పొయేమ', చేయగా వచ్చినది. -తేస్ చేరితే 'పొయేతేస్', చేసేవాడు. గ్రీకులు కవిని పిలిచిన పేరు ఇదే. -తేస్‌తో పెద్దగా పేచీ లేదు, చూడగానే మనిషని తెలిసిపోతుంది. తికమకంతా మొదటి రెండింటితోనే. రాయడం వేరు, రాత వేరు అని తెలిసిన మనకు ఆ తేడా కొత్తేమీ కాదు, ఏ ప్రత్యయం ఎటు అన్నదే గుర్తుండదు.

ముందు -సిస్ సంగతి. ఇది సంస్కృతంలోని -తి కి తోబుట్టువు. గ్రీకులో 'ఇ' ముందున్న త చాలాచోట్ల స అయింది. అందుకే మన స్థితి అక్కడ 'స్టాసిస్', మన గతి అక్కడ 'బాసిస్'. రోజూ వాడే స్థితిగతులు అనే మాటలో రెండు గ్రీకు పదాల బంధువులు పక్కపక్కనే కూర్చున్నారన్నమాట! సంస్కృతంలో స్థితి, గతి స్త్రీలింగాలు, గ్రీకులో -సిస్ పదాలూ అంతే. పైగా వీటి విభక్తి రూపాలు 'పోలిస్' (నగరం) లాగే నడుస్తాయి. ఒకటి బట్టీపడితే రెండూ వచ్చేస్తాయి.

-మ కి చుట్టం కర్మ, జన్మ లాంటి మాటల్లోని -మన్. అక్కడా ఇక్కడా నపుంసకలింగమే. డ్రామా, థీమ్, ప్రాబ్లమ్, సిస్టమ్ అన్నీ ఈ కొమ్మవే. షష్ఠిలో 'డ్రామతోస్' అని త బయటపడుతుంది, డ్రమాటిక్, సిస్టమాటిక్‌లలో వినిపించే ట అదే. కాకపోతే ధాతువు చివరి హల్లును -మ చాలాచోట్ల మార్చేస్తుంది. 'గ్రాఫో' (రాస్తాను) నుంచి 'గ్రాఫ్మ' రాదు, 'గ్రామ్మ' వస్తుంది, అంటే అక్షరం. ఆ మాటకొస్తే -సిస్ కూడా తక్కువదేం కాదు, చేయడమనే అర్థమున్న ధాతువు ప్రాగ్-, -సిస్ కలిస్తే 'ప్రాక్సిస్' అవుతుంది.

అర్థంలో నిలకడ -మ కే ఎక్కువ. -సిస్ పని దగ్గర ఆగదు. 'టాక్సిస్' అంటే వరుసగా నిలపడం, తర్వాత ఆ వరుస, ఆపైన సైన్యంలో ఒక దళం కూడా. నిలబడడమనే అర్థమున్న 'స్టాసిస్' చివరికి ఊళ్లో ముఠా తగాదాకు పేరైంది.

అయినా ప్రాచీన గ్రీకు చదవాలనుకునేవాళ్లకు నా ఓటు -సిస్‌కే. సంస్కృతపు -తి మనకు ముందే నాలుక మీద ఉంది.

ఇప్పటి గ్రీకు మాట్లాడాలనుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. -సిస్ అరిగి -సి అయి, ఎక్కువగా పుస్తకాల భాషలో స్థిరపడింది. రోజువారీ పనులకు -మ, -సిమో వాడతారు. చదవడం 'ద్యావజ్మ', వంట చేయడం 'మయీరెమ', పరుగెత్తడం 'త్రెక్సిమో'. ఒకప్పుడు ఫలితాన్ని చెప్పిన -మ ఇప్పుడు పనిని కూడా చెబుతోంది. ఒకే క్రియ నుంచి -సిమో, -సి రెండూ వస్తే తేడా తేటగా కనిపిస్తుంది: ముడి విప్పడం 'లీసిమో', సమస్యకు దొరికిన పరిష్కారం 'లీసి'.