మూడు రంగుల కబురు: క్రోమ్ అప్‌డేట్ సూచనపై ఏడేళ్ల అనుభవం

అనంతపురం గడియార స్తంభం దగ్గరి మా నెట్ సెంటర్‌లోని నాలుగు కంప్యూటర్లలోనూ ఏడేళ్లుగా క్రోమ్ బ్రౌజరే వాడుతున్నాను. పరీక్షల దరఖాస్తులు, పంటల బీమా రసీదులు, హాల్ టికెట్లు అన్నీ అందులోనే తీస్తాం కనుక, కొత్త వెర్షన్ వచ్చిన సంగతి అది మనకు ఎలా చెబుతుందో దగ్గరగా గమనిస్తూ వచ్చాను.

పైన కుడి మూలన మూడు చుక్కల దగ్గర ఒక రంగు కనబడుతుంది. అప్‌డేట్ వచ్చి రెండు రోజులు దాటకపోతే ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారమైతే ఎరుపు. డౌన్‌లోడ్ అప్పటికే వెనక జరిగిపోయి ఉంటుంది. మనం చేయవలసింది మూసి తెరవడమే. రాత్రి కట్టేసే మూడు కంప్యూటర్లలో ఆ రంగు కనబడడమే అరుదు. ప్రింటర్‌కు కలిపి ఉండడం వల్ల రోజుల తరబడి నడిచే కౌంటర్ కంప్యూటర్‌లో మాత్రం ఎరుపు దాకా వెళ్తుంది. 2023 ఆగస్టు నుంచి భద్రతా దిద్దుబాట్లు వారం వారం వస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ తెర మధ్య ఒక పెట్టె తెరుచుకుంటే మా పని సాగేది కాదు.

ఆ తేడా ఏమిటో నాకు ఒక ఫొటోల సాఫ్ట్‌వేర్ నేర్పింది. డిగ్రీ ప్రవేశాలకు చివరి రోజున, శింగనమల నుంచి వచ్చిన అమ్మాయి ఫొటోను, సంతకాన్ని కత్తిరించి, ఫైలు పేరు టైపు చేసి ఎంటర్ నొక్కాను. సరిగ్గా ఆ క్షణాన అప్‌డేట్ పెట్టె ముందుకొచ్చింది. నా ఎంటర్ దాని ‘ఇప్పుడే’ బటన్ మీద పడింది. ప్రోగ్రాం మూతపడింది, చేసిందంతా పోయింది. “అన్నా, టైమ్ అయిపోతుందేమో” అని ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. దరఖాస్తు అందింది గానీ, ఆ వారంలోనే ఆ సాఫ్ట్‌వేర్‌ను నాలుగు కంప్యూటర్లలోంచీ తీసేశాను. చేతులు టైపు చేస్తున్నప్పుడు కీబోర్డును లాక్కునే సూచన ఎంత అవసరమైనదైనా తప్పే.

అలాగని అప్‌డేట్లను పక్కన పెట్టమనడం లేదు. 2017 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ ఇచ్చిన దిద్దుబాటు వేసుకోని కంప్యూటర్లలోకే మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ చొరబడింది.

క్రోమ్‌లో నాకు బాగా నచ్చినది మరొకటి. వచ్చినవారి వివరాలు మిగలకూడదని మేము ఇన్‌కాగ్నిటో విండో వాడతాం. అప్‌డేట్ కోసం క్రోమ్‌ను మూసి మళ్లీ తెరిచినప్పుడు మామూలు ట్యాబులు తిరిగి వస్తాయి గానీ ఇన్‌కాగ్నిటో విండోలు రావు. ఆ సంగతి మూసే ముందే ఒక వాక్యంలో చెబుతుంది. సగం నింపిన దరఖాస్తులు ఆ ఒక్క వాక్యం వల్ల ఎన్నోసార్లు దక్కాయి.

రంగు పక్కనే ‘భద్రతా లోపం సరిచేశాం’ అనో, ‘రూపం మార్చాం’ అనో తెలుగులో ఒక మాట కూడా ఉంటే బాగుంటుంది. మొదటిదైతే కౌంటర్ దగ్గర జనాన్ని రెండు నిమిషాలు ఆగమని నేనే అడుగుతాను. రెండోదైతే రాత్రి కట్టేసేదాకా చూస్తాను.