200 మెష్ క్వార్ట్జ్ పొడి, 50 కేజీల బస్తా: పొడికి మంచి మార్కులు, సంచికి సున్నా

తిరుపతి దగ్గరి రేణిగుంట, గాజులమండ్యం వైపు గోడౌన్లలో గ్లేజులకూ (కుండలకూ టైళ్లకూ వేసే గాజు పూత) టైల్ గమ్ములకూ ఫౌండ్రీ పూతలకూ అమ్మే తెల్ల క్వార్ట్జ్ పొడి ఇది. అమ్మేవాళ్ల పేరు రాయడం లేదు. కింద చెప్పే లోపాలు ఈ సరుకు అమ్మే చాలామంది దగ్గర ఇలాగే ఉన్నాయి.

ముందు పొడి సంగతి. 100 గ్రాములు తూచి 200 మెష్ (అంగుళానికి 200 కళ్లున్న) జల్లెడలో వేసి, కిందికి దిగే నీళ్లు తేటగా వచ్చేదాకా కుళాయి కింద కడిగాం. పైన మిగిలింది ఆరబెట్టి తూచితే గ్రాము లోపే ఉంది. గ్లేజుకు అది చాలు. పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే నురగ రాలేదు కాబట్టి సుద్దపొడి కలపలేదు. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం కల్తీ మాత్రం ఆమ్లానికి దొరకదు. దానికి చిన్న మూసలో చెంచాడు పొడి పోసి 1250 డిగ్రీల దాకా కాల్చాలి. ఫెల్డ్‌స్పార్ అయితే కరిగి గాజు ముద్దవుతుంది, క్వార్ట్జ్ పొడి పొడిగానే ఉంటుంది. ఈ బస్తాది పొడిగానే ఉంది. సరుకు మంచిదే.

అంత మెత్తన కావడమే దీనితో ప్రమాదం. 200 మెష్ అంటే 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అదీ పెద్ద రేణువు కొలత. అదే జల్లెడలోంచి 5 మైక్రాన్లవీ, 1 మైక్రాన్‌వీ కూడా దిగిపోతాయి. పెద్ద దుమ్మును ముక్కు, గొంతు ఆపేస్తాయి. సుమారు 4 మైక్రాన్ల కన్నా చిన్నవి ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి తిత్తుల దాకా వెళ్తాయి. వాటిని శరీరం కరిగించలేదు. ఎక్కడ చేరితే అక్కడ మచ్చ కడుతుంది. దాని పేరే సిలికోసిస్.

నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తు నుంచి, అంటే సుమారు మీటరున్నర నుంచి, 5 మైక్రాన్ల క్వార్ట్జ్ రేణువు గాలి కదలని గదిలో నేలకు దిగడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది. 1 మైక్రాన్ రేణువుకైతే నాలుగు గంటలకు పైనే. పొడి పోశాక పొగలాంటిది అణిగిందని మాస్కు తీసేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అణిగింది కంటికి కనిపించేది మాత్రమే. పైన ఫ్యాను తిరుగుతుంటే ఆ మిగతాది అసలు దిగదు. తిరుపతి ఎండల్లో ఫ్యాను కట్టేయమంటే కష్టమే. అయినా బస్తా విప్పే అరగంట కట్టేయాల్సిందే.

ఇక సంచి. బయట ప్లాస్టిక్ నేత గోతం, లోపల కవర్ లేదు, మూతి యంత్రం కుట్టు. సూది రంధ్రాల్లోంచీ నేత సందుల్లోంచీ పొడి కారుతూనే ఉంటుంది. లారీ మీంచి దబ్బున పడేస్తే ప్రతి కుట్టు దగ్గరా తెల్లటి ఊపిరి లేస్తుంది. సంచి మీద బరువు, మెష్ తప్ప ఏమీ రాయలేదు. పీలిస్తే ప్రమాదమన్న మాట తెలుగులో కాదు, ఏ భాషలోనూ లేదు. క్వార్ట్జ్ లాంటి క్రిస్టలైన్ సిలికా దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మొదటి గ్రూపులో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, చేర్చింది. అలాంటి సరుకు మీద ఒక్క హెచ్చరిక కూడా లేకపోవడం క్షమించదగ్గది కాదు.

సరుకు ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసే సేఫ్టీ డేటా షీటు అడిగితే ఇచ్చారు, కానీ అది పనికిరాదు. మూడో విభాగంలో సరుకు గుర్తింపు సంఖ్య (సీఏఎస్ నంబరు) 7631-86-9 అని ఉంది. అది సిలికా మొత్తానికి వాడే సంఖ్య. క్వార్ట్జ్‌కు 14808-60-7 ఉండాలి. మొదటిది వేసి 'హానికరం కాదు' అని రాసేస్తే చదివేవాడు మోసపోతాడు. కొనేవాళ్లు ముందు ఈ సంఖ్యే చూడండి.

విప్పే పద్ధతి. కత్తితో కోయకండి. కుట్టు దారంలో సరైన కొస పట్టుకుని లాగితే వరస మొత్తం ఊడిపోతుంది, సంచి అదరదు. ముందు సంచి పైభాగాన్ని తడిగుడ్డతో తుడవండి. గ్లేజు కలిపే డ్రమ్ములో నీళ్లు ముందు పోయాలి, పొడి తర్వాత. డబ్బాతో తీసి నీటి మట్టానికి ఆనించి వంచండి. పైనుంచి కుమ్మరిస్తే లేచే దుమ్మంతా ముఖానికే. పది నిమిషాలు కదపకుండా వదిలితే దానంతటదే తడుస్తుంది, ఆ తర్వాత కలపండి. దుమ్ము లాగే గొట్టం ఉంటే దాని మూతి డ్రమ్ము అంచుకే ఉండాలి. గొట్టం వెడల్పు ఎంతో అంత దూరం జరిగితే చాలు, లాగే వేగం పదో వంతుకు పడిపోతుంది. గోడ మీద ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి సరిపెట్టుకోవడం అందుకే వృథా.

ముఖానికి చుట్టిన తువ్వాల దీన్ని ఆపదు. ఆసుపత్రి మాస్కూ ఆపదు, పక్కల సందులుంటాయి. తలచుట్టూ రెండు పట్టీలు వచ్చే ఎన్95 గానీ, భారత ప్రమాణం ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2 గానీ కనీసం కావాలి. రోజూ ఇదే పనైతే పీ100 ఫిల్టర్లున్న (ఎన్95 కన్నా సన్నగా వడకట్టేవి), ముక్కునూ నోటినీ మూసే రబ్బరు సగం మాస్కు తీసుకోండి. పెయింటు వాసనకు పెట్టుకునే బొగ్గు కార్ట్రిడ్జి ఒక్కటే దుమ్మును ఆపదు, ఈ పొరపాటు చాలాచోట్ల చూస్తాం. గడ్డం ఉంటే ఏ మాస్కూ అతకదు. చెమటకు తడిసి ఊపిరి బరువైతే మార్చేయండి.

ఊడ్చడంలోనే ఎక్కువ దుమ్ము మింగుతారు. పొడి చీపురు, కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం రెండూ మానాలి. తడిగుడ్డతో తుడవండి, లేదా సన్న దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడండి. మామూలు గుడ్డ సంచి వాక్యూమ్ సన్నదాన్ని వెనక నుంచి మళ్లీ గదిలోకే ఊదుతుంది. పనిబట్టలు ఇంటికి తీసుకుపోవద్దు.

ఎంత పీలిస్తే ఎక్కువ? మన 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన లెక్కన శుద్ధ క్వార్ట్జ్‌కు ఘనమీటరుకు దాదాపు 0.1 మిల్లీగ్రాము. అమెరికాలో 2016 నుంచి 0.05. పదడుగుల గది మొత్తానికి మన లెక్క 3 మిల్లీగ్రాములకూ చేరదు, చిటికెడు ఉప్పులో వందో వంతు. కంటికి దుమ్ము కనిపించిందంటే హద్దు ఎప్పుడో దాటిపోయిందని అనుకోవాలి.

జబ్బు మామూలుగా పదేళ్లు దాటాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే కొన్ని నెలల్లోనే రావొచ్చు. తగ్గించే మందు లేదు, దుమ్ముకు దూరం కావడమే. ఎక్స్‌రేలో పైభాగాన కనిపించే మచ్చల్ని టీబీ అనుకునే వీలుంది. సిలికా పీల్చినవాళ్లకు నిజంగా టీబీ వచ్చే అవకాశమూ ఎక్కువే. తిరుపతిలో రుయా ఆసుపత్రికి వెళ్లినా స్విమ్స్ ఆసుపత్రికి వెళ్లినా దగ్గు గురించి చెప్పేటప్పుడే ఏ పొడితో పని చేస్తున్నారో, ఎన్నేళ్లుగానో చెప్పండి. పనిలో చేరేటప్పుడూ ఆపై ఏటా ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదే పరీక్ష చేయించాలి. సిలికోసిస్ చట్టం ప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. యజమానులు దాచడానికి లేదు.

కొలిమిలో కుండలు పెట్టే పలకలకు గ్లేజు అంటకుండా వేసే పూతకు మాత్రం ఈ పొడి కొనకండి. అల్యూమినా హైడ్రేటు, చైనా క్లే చెరిసగం కలిపితే అదే పని జరుగుతుంది, పాత పూత గీకేటప్పుడు క్వార్ట్జ్ దుమ్ము చాలా తక్కువ. గ్లేజులోకైతే దీనికి బదులు దొరకడం కష్టం. అక్కడ వాడండి, 5కి 3 ఇస్తున్నాం. లోపల కవరూ బయట హెచ్చరికా పెట్టిన రోజు 4 ఇస్తాం.

ఖాళీ గోతాన్ని దులపకండి. లోపల నీళ్లు చిలకరించి, మడిచి, పాలిథిన్ కవర్లో కట్టేయండి. చెనిక్కాయలకో తౌడుకో పనికొస్తుందని ఎవరడిగినా ఇవ్వొద్దు. ఆ నేత సందుల్లో మిగిలిన పొడి వాళ్ల ఇంట్లో దులుపుతారు.