పర్మిట్ ఉగాండాది, ఫ్లైట్ రువాండాకి: మా గొరిల్లా ట్రిప్ సంగతులు

గొరిల్లాలకి ఉగాండానా రువాండానా అని అడిగితే ముందు పర్మిట్ రేటు చూడమంటాను. రువాండాలో మనిషికి 1500 డాలర్లు, ఉగాండాలో 2024 జూలై నుంచి 800, ఏ దేశంలోనైనా వాటి దగ్గర ఉండనిచ్చేది మాత్రం ఒక్క గంటే. ఇద్దరికి లెక్కేస్తే 1400 డాలర్లు తేడా, మాకైతే అందులో కారు, లాడ్జి ఖర్చు చాలావరకు వెళ్ళిపోయింది, అందుకే ఉగాండాలోని బ్విండీ అడవి ఫిక్స్ చేసుకున్నాం.

కాకపోతే ఉగాండా ఎయిర్‌పోర్ట్ ఉన్న ఎంటెబ్బేలో దిగితే బ్విండీకి కార్లో 8 నుంచి 10 గంటలు, నడుం పట్టేస్తుంది. మేము రువాండా రాజధాని కిగాలీలో దిగి బోర్డర్ దాటి వెళ్ళాం, సగం టైమే పట్టింది. 100 డాలర్ల ఈస్ట్ ఆఫ్రికా వీసా తీసుకుంటే ఉగాండా, రువాండా, కెన్యా మూడింటికీ పనికొస్తుంది, కానీ ముందు ఏ దేశంలో దిగుతారో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. రువాండాలో కుడివైపు డ్రైవింగ్, ఉగాండాలో మనలాగే ఎడమవైపు, బోర్డర్ దాటగానే డ్రైవర్ పక్క మార్చేస్తుంటే కాసేపు గుండె దడే. ఇంకోటి, రువాండాలో ప్లాస్టిక్ కవర్లు నిషేధం, కందిపొడి పచ్చళ్ళు కవర్లలో కట్టుకెళ్ళకండి, డబ్బాల్లో పెట్టుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. ఆ టీకా వేసుకున్నట్టు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే క్వారంటైన్‌లో పెట్టేస్తారు.

అసలు తిరకాసు సెక్టార్ల దగ్గరుంది. బ్విండీలో బుహోమా, రుహిజా, రుషాగా, న్కురింగో అని ట్రెక్ మొదలుపెట్టే ప్రాంతాలు నాలుగున్నాయి, పర్మిట్ ఏ సెక్టార్‌దో లాడ్జి కూడా అక్కడే ఉండాలి. మాతో నడిచిన ఒక జంటకి వాళ్ళ ఏజెంట్ రుషాగా పర్మిట్ ఇచ్చి లాడ్జేమో బుహోమాలో బుక్ చేశాడంట, పాపం అర్ధరాత్రి లేచి ఘాట్ రోడ్డులో పడి వచ్చారు. అందుకే పర్మిట్ చేతికొచ్చాకే లాడ్జి చూసుకోండి. మాది మామూలు లాడ్జి, సోలార్ కరెంటు, వేడినీళ్ళు చెప్తేనే పెడతారు, కానీ రాత్రి చలికి దుప్పట్లో వేడినీళ్ళ బ్యాగ్ పెట్టారు చూడండి, దానికి మాత్రం ఫుల్ మార్కులు. వెజిటేరియన్లకి ఇబ్బందేం లేదు, మతోకే అని అరటికాయ ఉడకబెట్టి ముద్ద చేసి పల్లీల గ్రేవీతో ఇస్తారు, చపాతీ అయితే ప్రతి సందులో దొరుకుతుంది.

ట్రెక్ రోజు పొద్దున్నే బ్రీఫింగ్ ఇచ్చి ఒక్కో గొరిల్లా కుటుంబానికి 8 మందిని మించకుండా పంపిస్తారు. 15 ఏళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, జలుబు దగ్గు ఉన్నా ఆపేస్తారు, మన రోగాలు వాటికి ఇట్టే అంటుకుంటాయి మరి. ట్రాకర్లు మనకంటే ముందే వెళ్ళి అవి రాత్రి పడుకున్న చోటు నుంచి జాడ పట్టుకుంటారు. దారి అంటూ ఏమీ లేదు, గైడ్ కత్తితో తీగలు నరుకుతుంటే ఆ వాలులో జారుతూ వెళ్ళడమే, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, తోటపని గ్లౌజులు కొనుక్కోండి, ఆకులు తగిలితే మంట. చివరికి కనపడ్డ సిల్వర్‌బ్యాక్, అంటే వీపు నెరిసిన పెద్ద మగ గొరిల్లా, మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు, ఆకులు నమిలిందీ, గ్యాస్ వదిలిందీ, మళ్ళీ నమిలిందీ... కానీ ఆ వీపు వెడల్పు చూస్తే నోట మాట రాదు. 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం ఈ మౌంటెన్ గొరిల్లాలు మొత్తం 1063, దాదాపు సగం ఈ ఒక్క అడవి చుట్టుపక్కలే.

ఫిట్‌గా ఉన్నా సరే పోర్టర్‌ని పెట్టుకోండి, 20 డాలర్ల లోపే, పార్కు పక్క ఊళ్ళ వాళ్ళకి అదే ఆదాయం. పెద్దవాళ్ళని తీసుకెళ్తే మోకాళ్ళ గురించి బెంగ వద్దు, అక్కడ సరదాగా హెలికాప్టర్ అంటారు, కుర్చీలో కూర్చోబెట్టి మనుషులే మార్చుకుంటూ మోస్తారు, కొన్ని వందల డాలర్లవుతుంది. అయితే బయల్దేరాక మధ్యలో అడిగితే దొరకడం కష్టం, బ్రీఫింగ్ దగ్గరే చెప్పేయండి.