హైదరాబాదు – విజయవాడ రహదారి: ఇరవై రెండేళ్ళ ప్రయాణాల తరువాత

ఉద్యోగం హైదరాబాదులో, తల్లిదండ్రులు విజయవాడలో కావడం వల్ల 2002 నుంచి నెలకు ఒకసారైనా ఈ దారిన వెళ్ళి వస్తున్నాను. మొదటి పదేళ్ళు బస్సులో, తరువాత సొంత కారులో. పుణెలో మొదలై షోలాపూరు, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే జాతీయ రహదారిలో సుమారు 270 కిలోమీటర్ల భాగం ఇది. 2010లో నంబర్లు మార్చినప్పుడు పాత 9వ నంబరు 65 అయింది.

ఈ దారి వయసు తారు రోడ్డు వయసు కన్నా చాలా ఎక్కువ. గోల్కొండ సుల్తానులకు మచిలీపట్నమే ప్రధాన రేవు కాబట్టి రాజధానికీ సముద్రానికీ మధ్య రాకపోకలు ఆగేవి కావు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ నుంచి కొల్లూరు గనికి వెళ్ళే దారిని మజిలీల వారీగా రాసిపెట్టాడు. అందులో హయత్‌నగర్ ఉంది, పంతంగి ఉంది. నేటి టోల్ ప్లాజా ఉన్నది ఆ పంతంగిలోనే అని తెలిసిన నాటి నుంచి అక్కడ కారు ఆగిన ప్రతిసారీ ఆ ఎడ్లబళ్ళ మజిలీ నాకు గుర్తుకు వస్తుంది. పంతంగి దాటాక అతని దారి పానగల్లు వైపు తిరిగి కృష్ణ ఒడ్డుకు దిగింది. మన రహదారి మాత్రం నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా కోదాడ చేరుతుంది.

కోదాడ, జగ్గయ్యపేటల మధ్య సరిహద్దు కూడా 2014లో కొత్తగా పుట్టింది కాదు. 1956కు ముందు కోదాడ హైదరాబాదు రాష్ట్రంలోనూ, జగ్గయ్యపేట ఆంధ్ర రాష్ట్రంలోనూ ఉండేవి. జగ్గయ్యపేట దాటి విజయవాడ వైపు వెళితే, 135 అడుగుల ఆంజనేయ విగ్రహం కనిపించే పరిటాల, చుట్టూ బ్రిటిష్ పాలన ఉన్నా నిజాం ఏలుబడిలోనే ఉండిపోయిన ఊరు.

ఇక వాడకం సంగతి. రెండు వరుసల రోజుల్లో లారీ వెనుక చిక్కుకుంటే దాటడానికి పది నిమిషాలు పట్టేది, రాత్రి ఎదురు వెలుతురుకు కళ్ళు చెదిరేవి, ఇల్లు చేరేసరికి ఏడు గంటలు గడిచేవి. 2012లో నాలుగు వరుసలు పూర్తయ్యాక అదే ప్రయాణం నాకు నాలుగున్నర, అయిదు గంటలకు తగ్గింది. తారు నాణ్యత గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. సంక్రాంతికి ముందు రెండు రోజులు మాత్రం ఫాస్టాగ్ ఉన్నా నగరం దాటడమే ఒక ప్రయాణం అవుతుంది.

నా అసలు బాధ రోడ్డు పక్క ఊళ్ళ గురించి. ఒక సాయంత్రం సూర్యాపేట దాటాక, తల మీద పచ్చగడ్డి మోపుతో ఒక పెద్దావిడ డివైడర్ పక్కన నిలబడి ఉండటం చూశాను. వాహనాల గాలికి మోపు కదిలిపోతుంటే ఒక చేత్తో దాన్ని, మరో చేత్తో కొంగును పట్టుకుని, వచ్చే ప్రతి బండినీ తలెత్తి చూస్తోంది. ఆమె పొలం ఒకవైపు, ఇల్లు మరోవైపు. వేగం పెంచిన రోడ్డు ఆమెకు దాటే దారి చూపకపోతే ఆ రోడ్డు పూర్తయినట్లు నేను ఒప్పుకోలేను. ఆరు వరుసలకు విస్తరించేటప్పుడైనా ప్రతి ఊరి దగ్గరా అండర్‌పాస్, దానికి కలిసే సర్వీసు రోడ్డు ముందుగా కట్టాలి.

రెండో లోపం నీళ్ళు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద రహదారి మునిగినప్పుడు మేము కోదాడ దాకా వెళ్ళి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, గుంటూరుల మీదుగా చుట్టుతిరిగి, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరాము. 2024 సెప్టెంబరులో అక్కడే మళ్ళీ నీళ్ళు చేరాయి. ఆ వరదలకే గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతిన్నది. ఏడాది తిరిగేసరికి అదే చోట మళ్ళీ మునిగిందంటే అక్కడ రోడ్డు ఎత్తు పెంచడమో, నీరు పోయే తూములు వెడల్పు చేయడమో తప్పదు. అది జరిగేదాకా, వానాకాలంలో నందిగామ దగ్గరి కీసర వద్ద మున్నేటి మట్టం కనుక్కోకుండా నేను హైదరాబాదులో కారు బయటికి తీయడం లేదు.