గత్రీకి ముందు ఓక్లహోమా సిటీ చూడండి

డాలస్ నుంచి ఐ-35 మీద ఉత్తరానికి మూడు గంటలు వెళ్తే ఓక్లహోమా సిటీ, ఇంకో అరగంటకు గత్రీ. ఇండియా నుంచి వచ్చిన మా నాన్న సేద్యం చేసిన మనిషి. ఆయనకు మేడలకన్నా భూమి సంగతులు ఇష్టమని అక్కడికి తీసుకెళ్లాను. ముందు గత్రీలోనే దిగాం.

ఇక్కడి భూమిని అమెరికా ప్రభుత్వం పరుగు పందెంతో పంచింది. 1889 ఏప్రిల్ 22 మధ్యాహ్నం పన్నెండింటికి తుపాకీ పేలగానే సుమారు 50 వేల మంది గుర్రాల మీద, బండ్ల మీద, కాలినడకన పరుగు తీశారు. ముందు చేరి గుంజ పాతుకున్నవాళ్లకు 160 ఎకరాలు. సాయంత్రానికల్లా గత్రీ నిండా గుడారాలే. 1910లో రాష్ట్ర రాజధాని ఇక్కడి నుంచి ఓక్లహోమా సిటీకి తరలిపోవడంతో ఇక్కడి పాత ఎర్ర ఇటుక భవనాలు చాలావరకు అలాగే మిగిలాయి. టెరిటోరియల్ మ్యూజియానికి రెండు గంటలు చాలు.

బస మాత్రం ఇబ్బంది పెట్టింది. పాతకాలపు ఇల్లు, గది బాగుంది, కానీ కింద గది అడిగితే మేడ మీద ఇచ్చారు. లిఫ్ట్ లేదు, నాన్నకు మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లతో వెళ్తే ముందే ఫోన్ చేసి గట్టిగా అడగండి.

రాత్రి నాన్న అడిగారు: "సరేరా, అంతకుముందు పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉండేది?"

జవాబు మర్నాడు ఓక్లహోమా సిటీలోని ఫస్ట్ అమెరికన్స్ మ్యూజియం చూశాక దొరికింది. 39 అమెరికా ఆదివాసీ తెగల చరిత్రను ఆ తెగల మాటల్లోనే చెప్పే చోటు, పూట మొత్తం కేటాయించండి. ఆ భూములు క్రీకు, సెమినోల్ తెగలవి. అలబామా, ఫ్లోరిడాల నుంచి వాళ్లను తరిమి ఇక్కడికి తెచ్చిందీ ప్రభుత్వమే. అమెరికా అంతర్యుద్ధం అయ్యాక 1866 ఒప్పందాలతో క్రీకుల దగ్గర ఎకరం 30 సెంట్లకు, సెమినోల్‌ల దగ్గర 15 సెంట్లకు రాయించుకుంది.

"నిర్వాసితుల దగ్గరే మళ్లీ భూసేకరణ చేశారన్నమాట" అన్నారు నాన్న. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు.

ఓక్లహోమా సిటీలోనే బ్రిక్‌టౌన్ కాలువ చివర ఆ పరుగును చూపే 45 కంచు విగ్రహాలున్నాయి, మనిషికి ఒకటిన్నర రెట్లు. టికెట్ లేదు. పనితనం అద్భుతం. మ్యూజియం చూసి వచ్చాం కాబట్టి నాన్న గుర్రాలను కాకుండా అవి పరిగెడుతున్న నేలను చూస్తూ నడిచారు.