లింక్డ్ లిస్టా, అర్రేనా? సీ ప్రోగ్రాములో ఏది మేలు

వేగం పెంచే ఓ2 ఆప్షన్ పెట్టి కంపైల్ చేశాక కూడా ప్రోగ్రాము నత్తనడక నడుస్తోందంటే, చాలాసార్లు లోపం డేటాను మెమరీలో పరిచిన తీరులో ఉంటుంది. ఒకే రకం ఐటమ్స్ లక్షల్లో దాచాలంటే సీలో దారులు మూడు. ఒక్కో ఐటమ్‌నూ తర్వాతిదాని అడ్రస్‌తో కలిపి నోడ్‌గా దాచి, ఒక్కో నోడ్‌కు మాలక్ (మెమరీ అడిగే ఫంక్షన్) పిలిచే లింక్డ్ లిస్ట్ ఒకటి. ఐటమ్స్‌ను పక్కపక్కనే ఉంచి, అవసరాన్ని బట్టి రీఅలాక్‌తో (తీసుకున్న మెమరీ సైజు మార్చే ఫంక్షన్) పెరిగే అర్రే రెండోది. నోడ్లన్నిటినీ ఒకే అర్రేలో ఉంచి, పాయింటర్ల బదులు ఇండెక్సులతో కలిపే పూల్ మూడోది. ఏది వాడాలో తెలియకపోతే అర్రేతోనే మొదలుపెట్టండి. ఎందుకో లెక్కలే చెబుతాయి.

64 బిట్ లినక్స్, అందులోని సీ లైబ్రరీ జీలిబ్‌సీ ఇచ్చే మాలక్ అనుకుందాం. నోడ్‌లో ఒక ఇంట్, ఒక నెక్స్ట్ పాయింటర్ ఉన్నాయి. ఇంట్‌కు 4 బైట్లు, పాయింటర్‌కు 8. పాయింటర్ 8తో భాగించబడే అడ్రస్‌లో మొదలవ్వాలి కనుక మధ్యలో 4 బైట్లు ఖాళీగా పోతాయి, స్ట్రక్ట్ 16 అవుతుంది. మాలక్ తన హెడర్‌కు ఇంకో 8 కలిపి, మొత్తాన్ని 16 గుణిజానికి పెంచుతుంది. అంటే 4 బైట్ల అంకె కోసం 32 బైట్లు! పది లక్షల అంకెలకు అర్రేలో 40 లక్షల బైట్లు సరిపోతే, లిస్ట్‌కు 3 కోట్ల 20 లక్షలు కావాలి.

వేగానిదీ ఇదే కథ. సాధారణ ఎక్స్86 ప్రాసెసర్ మెమరీ నుంచి ఒకసారికి 64 బైట్ల ముక్కను (క్యాష్ లైన్) తన దగ్గరి చిన్న మెమరీ అయిన క్యాష్‌లోకి తెచ్చుకుంటుంది. అర్రే అయితే అందులో 16 అంకెలు వస్తాయి. లిస్ట్ నోడ్లు పక్కపక్కనే ఉన్నా రెండే పడతాయి. అసలు దెబ్బ వేరే ఉంది: ఈ నోడ్ చేతికి వస్తే తప్ప తర్వాతి నోడ్ అడ్రస్ తెలియదు, కాబట్టి ప్రాసెసర్ ముందుగా తెచ్చిపెట్టుకోలేదు. అర్రే మీది లూప్‌ను కంపైలర్ వెక్టరైజ్ కూడా చేయగలదు, అంటే ఒకే ఆదేశంతో చాలా అంకెల పని చేయించగలదు. ఏవీఎక్స్2 అనే ఆదేశాలున్న మెషీన్‌కని కంపైల్ చేస్తే ఎనిమిది ఇంట్‌లను ఒకేసారి కూడుతుంది.

"మధ్యలో చేర్చాలంటే లిస్టే కదా వేగం?" అంటారు. చోటు ముందే చేతిలో ఉంటే నిజమే. ఆ చోటును వెతుక్కుంటూ నోడ్ నోడ్‌కూ గెంతాల్సి వస్తే, ఆ వెతుకులాటే, అర్రేలో ఐటమ్స్‌ను పక్కకు జరిపే మెమ్‌మూవ్ ఖర్చును మించిపోతుంది. తీసేయడంలో వరుస ముఖ్యం కాకపోతే, చివరి ఐటమ్‌ను ఖాళీ అయిన చోట పెట్టి కౌంట్ ఒకటి తగ్గిస్తే చాలు.

అర్రేలో కాళ్లకు అడ్డంపడేది రీఅలాక్. ఒక్కొక్క ఐటమ్‌కూ పిలవకండి, నిండినప్పుడల్లా కెపాసిటీని రెట్టింపు చేయండి. దీని వెల మెమరీలో కట్టాలి: పాతదీ కొత్తదీ కలిసి ఉన్న ఆ కాసేపు, పాత సైజుకు మూడు రెట్లు పట్టవచ్చు. రీఅలాక్ ఇచ్చిన విలువను నేరుగా పాత పాయింటర్‌లోనే వేస్తే, మెమరీ దొరక్క అది నల్ ఇచ్చిన రోజు పాత బ్లాక్ అడ్రస్ పోయి మెమరీ లీక్ అవుతుంది. వేరే వేరియబుల్‌లో తీసుకుని, నల్ కాదని చూశాకే మార్చండి. బ్లాక్ కదిలితే లోపలి ఐటమ్స్‌కు బయట దాచుకున్న పాయింటర్లన్నీ చెల్లవు. అందుకే ఇండెక్సులు దాచుకోవాలి.

పూల్ పుట్టేది ఇక్కడే. నెక్స్ట్‌ను 32 బిట్ అన్‌సైన్డ్ ఇండెక్స్ చేస్తే నోడ్ 8 బైట్లకు దిగుతుంది, అంటే మాలక్ నోడ్‌లో నాలుగో వంతు. 0ను "ఏదీ లేదు"కు కేటాయించండి. తీసేసిన నోడ్లను అదే నెక్స్ట్‌తో ఖాళీల గొలుసుగా కట్టి మళ్లీ వాడుకోవచ్చు, చివర్లో ఫ్రీ ఒక్కటే. వరుస తరచూ మారే డేటాకు ఇదే నా ఎంపిక. ఒక లోటు మాత్రం గట్టిది: ఫ్రీ చేసిన నోడ్‌ను పొరపాటున వాడితే మెమరీ తప్పులు పట్టే టూల్స్ వాల్‌గ్రైండ్ గానీ అడ్రస్ శానిటైజర్ గానీ వాటంతట అవి పట్టుకోలేవు, ఎందుకంటే వాటి కంటికి పూల్ మొత్తం ఒకటే బ్లాక్. డీబగ్ బిల్డ్‌లో, ఫ్రీ చేసిన నోడ్ విలువను ఏదో వింత అంకెతో నింపితే తప్పు త్వరగా బయటపడుతుంది.

మామూలు లిస్ట్‌కు చోటు లేదని కాదు. రికార్డులు పెద్దవై, వాటి అడ్రస్ కదలకూడదని ఉండి, పాయింటర్ చేతిలో ఉండగానే వరుసలోంచి తీయాల్సి వస్తే, ముందుకూ వెనక్కూ లింకులున్న లిస్టే సరైనది. చాలాసేపుగా వాడనిదాన్ని ముందు తీసేసే ఎల్ఆర్‌యూ క్యాష్ అలాంటిదే. లినక్స్ కెర్నల్‌లాగా లింకులను రికార్డ్ లోపలే పెట్టండి, నోడ్‌కని వేరే మాలక్ ఉండదు.

కొలిచేటప్పుడు ఒక మోసం జరుగుతుంది. అప్పుడే కట్టిన లిస్ట్‌లో నోడ్లు దాదాపు వరుసగా ఉంటాయి కాబట్టి అది వేగంగానే కనిపిస్తుంది. నోడ్ల వరుసను కలగాపులగం చేసి కొలవండి. లూప్ ఫలితాన్ని ప్రింట్ చేయండి, లేకపోతే కంపైలర్ లూప్‌నే తీసేయవచ్చు. కావలసింది క్యాష్‌లో ఎన్నిసార్లు దొరకలేదో (క్యాష్ మిస్‌లు) లెక్కించడానికి లినక్స్‌లో పెర్ఫ్ స్టాట్ కమాండ్ ఉంది. గరిష్ఠ మెమరీకి గ్నూ టైమ్‌ను వీ ఆప్షన్‌తో నడపండి. బాష్ షెల్‌లో ఉత్త టైమ్ అని కొడితే వచ్చేది షెల్ సొంత టైమ్, దానికి ఆ ఆప్షన్ లేదు.